కళ్ళు దురదపెడితే నలపకండి, చల్లటి గుడ్డ వెయ్యండి

ఎండాకాలం వచ్చిందంటే కొంతమంది పిల్లలు పొద్దస్తమానం కళ్ళు నలుపుకుంటూనే ఉంటారు. దుమ్మో, పుప్పొడో ఒంటికి సరిపడకపోతే కంటిపొరలోని కణాలు హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి, దురద దానివల్లే. నలిపితే ఆ కణాల నుంచి ఇంకాస్త హిస్టమిన్ వస్తుంది. అందుకే నలిపేకొద్దీ దురద ఎక్కువవుతుంది. ఏళ్ళ తరబడి గట్టిగా నలిపేవాళ్ళకి కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర) పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ కూడా రావచ్చు.

శుభ్రమైన నూలుగుడ్డని చల్లటి నీళ్ళలో ముంచి, పిండి, మూసిన రెప్పల మీద ఐదు పది నిమిషాలు ఉంచండి. చాలావరకు అక్కడే తగ్గుతుంది. బయటినుంచి రాగానే ముఖం కడుక్కోవడం, దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతకడం కూడా మంచిదే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: మెడికల్ షాపులో అడిగి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ చుక్కలు సొంతంగా వెయ్యకండి. దురద ఇట్టే తగ్గుతుంది నిజమే, కానీ నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావచ్చు, శుక్లం కూడా. పిల్లల విషయంలో అసలే వద్దు. నొప్పి, చూపు మసకబారడం, వెలుగు చూడలేకపోవడం ఉంటే ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.