పాత ఆటకు మళ్లీ డబ్బు కట్టే ముందు డిస్కు పెట్టి చూడండి

అటక మీద మైక్రోసాఫ్ట్ పాత గేమ్ మెషీన్ ఎక్స్‌బాక్స్ 360 డిస్కులుంటే పారేయకండి. కొత్త ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో డిస్కు పెట్టగానే, ఆ ఆట మైక్రోసాఫ్ట్ ఇచ్చిన బ్యాక్‌వర్డ్ కంపాటిబుల్ (కొత్త మెషీన్‌లోనూ ఆడే పాత ఆటల) జాబితాలో ఉంటే, నెట్ నుంచి ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. డిస్కు ఇక్కడ తాళంచెవి మాత్రమే, ఆడిన ప్రతిసారీ లోపల ఉండాల్సిందే. అంచులో చిన్న గీతలున్నా పర్లేదు కానీ డ్రైవ్ దాన్ని గుర్తుపట్టాలి. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దొద్దు. ఎక్స్‌బాక్స్‌లోనే చిన్న మోడల్ సిరీస్ ఎస్‌కు డిస్కు డ్రైవే లేదు, కొనేటప్పుడు ఇది చూసుకోండి. పాత సేవ్‌లు (ఆట ఎక్కడిదాకా ఆడారో ఆ రికార్డు) కావాలంటే ముందు 360లోనే వాటిని క్లౌడ్‌కు పంపి, కొత్తదాంట్లో అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి.

డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5లో (సోనీ ప్లేస్టేషన్ 5) పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ ఆడతాయి, పీఎస్3వి ఆడవు. డిజిటల్‌గా కొన్న పీఎస్4 ఆట అయితే కొన్న అకౌంట్‌తోనే స్టోర్ పేజీ తెరవండి. పూర్తి ధర కనిపిస్తే తొందరపడి నొక్కకండి, మూడు చుక్కల మెనూలో పీఎస్4 వెర్షన్ ఎంచుకుంటే మీరు కొన్నదే డౌన్‌లోడ్‌కు వస్తుంది. అమెరికాలో తెరిచిన అకౌంట్‌తో కొన్నవి ఇండియా అకౌంట్‌లోకి మారవు. తిరిగొచ్చినవాళ్లు పాత అకౌంట్ మూసేయకుండా దాన్ని కూడా అదే కన్సోల్‌లో ఉంచుకోవాలి.

నింటెండో పాత మెషీన్ వీ యూలో కొన్న ఆటలు మాత్రం దాని తర్వాత వచ్చిన స్విచ్‌కు రావు. అక్కడ ఆ పాత మెషీన్‌నే జాగ్రత్తగా దాచుకోవాలి.