చిన్న హోటల్లో బాత్రూమ్ కట్టిస్తున్నారా?

తిరుపతిలో టిఫిన్ హోటల్ పెట్టేవాళ్లకి ఒక మాట. బాత్రూమ్‌కి నాలుగడుగులకు ఐదడుగుల చోటే మిగిలితే తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికైతే మనిషి గోడకి అతుక్కుని నిలబడాలి. పైగా ఎవరైనా జారి తలుపుకి అడ్డంగా పడితే బయటనుంచి తీయలేం. వాష్‌బేసిన్ బయటే ఉండనివ్వండి.

అసలు తలనొప్పి నేల వాలు. నీళ్లు బయటికి పోయే జాలీ వైపుకి ఐదడుగులకి ఒక అంగుళం చొప్పున దిగాలి. మా మేస్త్రీ "సరిగ్గానే ఉంది సార్" అన్నాడు, నేను డబ్బులిచ్చేశాను. మర్నాడు చూస్తే మూలన మడుగు! మళ్లీ టైల్స్ పగలగొట్టించాల్సి వచ్చింది. అందుకే లెక్క తేల్చేముందు ఒక బకెట్ నీళ్లు పోసి చూడండి. టైల్స్ గరుకువే తీసుకోండి, నునుపువి వద్దు.

కొండ దిగి వచ్చేవాళ్ల భుజాన బ్యాగులుంటాయి, తడి నేలమీద ఎక్కడ పెడతారు? గోడకి రెండు గట్టి కొక్కేలు కొట్టించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎలాగూ పెడతారు. దానికి గాలి అందేలా తలుపు కింద అంగుళం సందు వదలండి. హోటల్ చాన్నాళ్లు మూస్తే, తెరిచిన రోజు జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోయండి. జాలీ కింద ట్రాప్ ఉంటుంది, అంటే నీళ్లు నిలిచి వాసనని ఆపే వంపు. అందులో నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ వాసన తన్నుకొస్తుంది.