గుడిమల్లం శివుణ్ణి సరిగ్గా చూసి రావడం ఎలా?

కొండకు పోయి దర్శనం చేసుకుని, చేతిలో ఒక రోజు మిగిలిన చుట్టాలు నన్ను అడిగేది ఒకటే: "దగ్గర్లో తోపులాట లేని గుడి ఏదైనా ఉందా?" ఉంది. గుడిమల్లం. ఏర్పేడు మండలంలో పల్లెటూరు, తిరుపతికి సుమారు పాతిక కిలోమీటర్లు. అక్కడి పాతకాలపు శివాలయంలో లింగం మీదే నిలబడి ఉన్న శివుణ్ణి చెక్కారు. చెప్పగానే సంబరంగా బయల్దేరతారు. సాయంత్రం వచ్చి "ఏముందండీ, చిన్న గుడి, అయిదు నిమిషాల్లో అయిపోయింది" అంటారు. ఎంతోమంది పండితులు ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకున్న శివుణ్ణి అయిదు నిమిషాల్లో ముగించేశారన్నమాట! ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఏం తీసుకెళ్లాలి, ఎలా వెళ్లాలి

నీళ్ల సీసా, చిల్లర డబ్బులు, టోపీ. అంతే. కెమెరా ఇంట్లో పెట్టండి, గర్భగుడిలో ఎలాగూ తీయనివ్వరు.

సొంత బండి ఉంటే రేణిగుంట, గాజులమండ్యం, పాపానాయుడుపేట మీదుగా వెళ్లండి. లేకపోతే పాపానాయుడుపేట దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఆటో అతనితో రాను, పోను రెండూ మాట్లాడుకోండి. గుడి దగ్గర తిరుగు ఆటో కోసం నిలబడితే మీ ఓపికకే పరీక్ష. తిరుపతిలో ఆరుకల్లా కదలాలి. టిఫిన్ ముందే కానిచ్చేయండి. ఎర్రకారం దోశ తిని వెళ్లాలన్నది నా నియమం. ఇడ్లీ తిని వెళ్లినవాళ్లకు తొమ్మిదికే ఆకలేసి, చూపంతా గడియారం మీదే ఉంటుంది.

సోమవారాలు, కార్తీక మాసం, శివరాత్రి వద్దు. భక్తి కోసమైతే ఆ రోజులే మంచివి, కాదనను. కానీ చూడ్డానికి వెళ్లేవాళ్లకు మంగళవారమో బుధవారమో కావాలి.

కాళహస్తి ముందా, గుడిమల్లం ముందా?

అదే రోజు శ్రీకాళహస్తి కూడా చూడాలనుకుంటే గుడిమల్లమే ముందు. ఇందులో రెండో మాట లేదు. ఒకసారి నేనే తెలివితక్కువగా కాళహస్తి ముందు పెట్టాను. తిరుగు దారిలో గుడిమల్లం గుడి ముందు బండి ఆపితే మా చిన్నమ్మ దిగలేదు. "కాళహస్తి చూశాక ఇంకో గుడి గడప తొక్కకూడదు నాయనా, నేరుగా ఇంటికే పోవాలి" అని బండిలోనే కూర్చుంది. ఆమె మాట కాదని మిగతా ఆడవాళ్లెవరూ దిగలేదు. నేనూ డ్రైవరూ మాత్రం వెళ్లొచ్చాం. మా వైపు చాలా ఇళ్లలో ఈ పట్టింపు ఉంది. మీకు లేకపోయినా మీతో వచ్చే పెద్దవాళ్లకు ఉంటుంది. అందుకే కాళహస్తి ఎప్పుడూ చివరికే.

అసలు పని: గర్భగుడి ముందు

చెప్పులు విప్పి లోపలికి వెళ్లడం దాకా అందరూ బాగానే చేస్తారు. తప్పు జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మొదటిది, ఇంటి దగ్గరే ఈ లింగం ఫోటో ఒకటి చూసి వెళ్లండి. "ముందే చూసేస్తే ఇంకేం మిగులుతుంది" అంటారు కొందరు. ఏం చూడాలో తెలియకుండా వెళితే ఆ చీకట్లో మీకు కనిపించేది ఒక నల్లటి రాయి, నాలుగు పూలు. తెలిసి వెళ్లినవాడికే అక్కడ మనిషి కనిపిస్తాడు.

రెండోది, అలంకారానికి ముందే వెళ్లాలి. దండలు వేసి, పంచె కట్టాక శిల్పంలో ముప్పాతిక భాగం కనిపించదు. పొద్దున్నే బయల్దేరమన్నది ఇందుకే. ఆలస్యమైతే అయింది, దండ తీయమని మాత్రం పూజారిగారిని అడక్కండి. అలా అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది మ్యూజియం కాదు, పూజ జరిగే గుడి. "స్వామీ, దీపం కాస్త కిందికి చూపిస్తారా" అని అడగండి, అది చాలు. సెల్‌ఫోన్ టార్చి అసలే వద్దు. తెల్లటి వెలుతురు నేరుగా పడితే రాతిలో ఎత్తుపల్లాలన్నీ చచ్చిపోతాయి. పక్కనుంచి దీపం పడితేనే రాతిలో చెక్కిన పంచె మడతలు కూడా తెలుస్తాయి.

మూడోది, కళ్లకు సమయం ఇవ్వండి. బయటి ఎండలోంచి వచ్చీ రాగానే ఏమీ కనిపించదు. వంద దాకా నెమ్మదిగా లెక్కపెట్టండి, నేను అలాగే చేస్తాను. ఇంకో సంగతి, ఇక్కడ గర్భగుడి నేల మనం నిలబడే చోటికంటే పల్లంలో ఉంటుంది. గుడిపల్లమే గుడిమల్లం అయిందని ఊళ్లో చెబుతారు. అందుకే గడప ఇవతల నిలబడి తల వంచి కిందికి చూడాలి. అందరిలా ఎదురుగా చూస్తే లింగం పైభాగం చూసి వెనక్కి వచ్చేస్తారు.

ఇక చూసే క్రమం. కిందినుంచి పైకి చూడండి. మా స్నేహితుడొకడు ముఖం నుంచి మొదలుపెట్టాలంటాడు, అతని మాట వినకండి. ముఖం చూడగానే దండం పెట్టేసి, అయిపోయిందనుకుంటాం.

అడుగున మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒక మరుగుజ్జు యక్షుడు ఉంటాడు. అతని భుజాల మీద శివుడి పాదాలు. రెండు కాళ్లతో నిటారుగా నిలబడ్డాడు. నడుముకు పల్చటి బట్ట, దాని మడతలు కాళ్ల మధ్యకు జారుతూ ఉంటాయి. చేతులు రెండే. కుడి చేత్తో, అంటే మనకు ఎడమవైపు, ఒక పొట్టేలును వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమ చేతిలో చిన్న కుండ, ఆ భుజం మీద గొడ్డలి. చెవులకు బరువైన కుండలాలు. ఒంటిమీద జంధ్యం లేదు, వెతికి చూసుకోండి. వేటగాడిలా ఉన్న ఈ శివుడి వెనక, దాదాపు అయిదడుగుల ఎత్తున, నునుపు చేసిన ముదురు రంగు రాతి లింగం.

ఆ పొట్టేలు, ఆ కుండ ఎందుకంటే ఊళ్లో ఒక కథ చెబుతారు. తండ్రి మాట మీద తల్లిని చంపిన పరశురాముడు ఆ పాపం పోవడానికి ఇక్కడ శివుణ్ణి కొలిచాడట. కొలనులో రోజుకొకే పువ్వు పూసేది. దానికి కాపలాగా చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టి, కూలి కింద రోజూ ఒక వేట జంతువు, ఒక కల్లుకుండ ఇచ్చేవాడు. ఒకనాడు కాపలావాడే ఆ పువ్వుతో పూజ చేసేశాడు. ఇద్దరికీ యుద్ధం ముదిరితే శివుడు ఇద్దరినీ తనలో కలిపేసుకున్నాడు. గుడికి పరశురామేశ్వరాలయం అని పేరు అందుకే. చేతిలోని రెండు వస్తువులకూ లెక్క సరిపోయే కథ ఇది. పిల్లలకు లింగం ముందు నిలబెట్టి చెప్పండి, నోరెళ్లబెట్టి వింటారు.

వయసు సంగతి. చాలామంది పండితులు క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాలంటారు, కొందరు తర్వాతి కాలానికి జరుపుతారు. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు పరిశోధకుడు టి.ఎ.గోపీనాథరావు దీని గురించి రాశాకే బయటి లోకానికి తెలిసింది. 1973లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు లింగం చుట్టూ నలుచదరపు రాతి కంచె బయటపడింది, బౌద్ధ స్తూపాల చుట్టూ ఉండేలాంటిది. దీపం కిందికి దించినప్పుడు దాన్నీ చూడటం మర్చిపోవద్దు. ఎక్కువమంది దాన్ని గట్టు అనుకుని వదిలేస్తారు.

మీ వెనక జనం ఉంటే పక్కకు జరిగి, వాళ్లు వెళ్లాక మళ్లీ రండి. ఎవరూ ఏమీ అనరు. నేను నాలుగుసార్లు తిరిగొచ్చిన రోజులున్నాయి.

బయటికొచ్చాక

గుడి వెనక్కి వెళ్లి విమానం చూడండి. ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగి ఉంటుంది, గజపృష్ఠం అంటారు. గోడల మీద పల్లవుల, బాణుల, చోళుల కాలపు శాసనాలున్నాయి. ఆనందవల్లి అమ్మవారికి దండం పెట్టి, చెట్టు నీడన కాసేపు కూర్చుని లేవండి.

పాపానాయుడుపేట గాజుపూసలకు పేరున్న ఊరు. కరిగిన గాజును సన్నటి గొట్టంలా దూరందాకా లాగి, ముక్కలు చేసి, మళ్లీ వేడిచేసి అంచులు నునుపు చేస్తారు. పని జరుగుతున్న చోటు దొరికితే అరగంట ఆగండి. అడిగి లోపలికి వెళ్లాలి, కొలిమికి దూరంగా నిలబడాలి.

ఆ తర్వాత కాళహస్తి

ఏర్పేడు మీదుగా వెళ్లి హైవే ఎక్కితే కాళహస్తి. రాహుకేతు పూజ చేయించేవాళ్లకు టికెట్ కౌంటర్ల దగ్గరే దారి తెలుస్తుంది, నేను చెప్పేదేం లేదు. మిగతావాళ్లు వాయులింగం దగ్గర గాలి లేకుండానే రెపరెపలాడే దీపాన్ని చూసి, జ్ఞానప్రసూనాంబ దర్శనం చేసుకుని, మెట్లు దిగగలిగితే పాతాళ వినాయకుణ్ణి కూడా చూసి రండి. బయట కనిపించే పెద్ద గోపురం కొత్తది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించింది 2010 మే 26న కూలిపోయింది. పాతదాన్ని చూసినవాళ్లం ఇప్పటికీ ఒకసారి తలెత్తి చూసి ఊరుకుంటాం.

ఎండ తగ్గాక కన్నప్ప గుట్ట ఎక్కండి. పైనుంచి స్వర్ణముఖి కనిపిస్తుంది. చాలా నెలలు నీళ్లకంటే ఇసకే ఎక్కువ. కిందికి దిగాక కలంకారీ కొనాలనుకుంటే గుడ్డను వాసన చూడండి. చేత్తో వేసిందైతే ముందుగా కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు, కొత్త గుడ్డకు ఆ వాసన కొంచెమైనా ఉంటుంది. అచ్చు గుడ్డకు రంగు వాసన తప్ప ఏమీ ఉండదు.

అక్కణ్ణించి నేరుగా ఇంటికే. దారిలో ఏ గుడి కనిపించినా బండి ఆపకండి. రేణిగుంటలో కాఫీకి మాత్రం ఆగొచ్చట, మా చిన్నమ్మే తేల్చి చెప్పింది.