వానాకాలం జాగ్రత్తలు: చట్టం పెట్టిన హద్దు దగ్గరే ఆగిపోకండి

కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చాలా దేశాల్లో నిబంధన ఉంది. తనిఖీలో గట్టెక్కడానికి ఆ అంకె చాలు, తడి రోడ్డు మీద సకాలంలో ఆగడానికి చాలదు. నిలిచిన నీటిని పక్కకు తోసేది ఆ గాడులే. అవి అరిగిపోతే నీరు టైరు కిందే చిక్కుకుంటుంది, వేగం మీద ఉన్న బండి నీటిపై తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా బండి మాట వినదు. అందుకే వానలకు ముందే, 3 మి.మీ. దగ్గరే టైర్లు మార్చేయడం మంచిది.

గాడుల అడుగున అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి. కారు టైరులో వాటి ఎత్తు 1.6 మి.మీ. టైరు అరిగి వాటికి సమంగా వచ్చిందంటే చట్టం హద్దుకు చేరినట్టే. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి ముందు టైర్ల లోపలి అంచు కూడా చూడండి, చాలామంది మోసపోయేది అక్కడే. ఒక అంచే అరిగితే వీల్ అలైన్‌మెంట్ తేడా కావచ్చు. నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే తక్కువ. గాలి కొలిచేది బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు.

వేగం సంగతికొస్తే, ఫ్రాన్స్ మోటార్‌వేల మీద మామూలు హద్దు గంటకు 130 కి.మీ., వాన పడితే చట్టప్రకారమే 110. ఇది చాలా తెలివైన నిబంధన. ఇలాంటిది లేనిచోట బోర్డు మీది అంకె వానకు తగ్గదు, మీరే తగ్గించుకోవాలి. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు అక్కడికి చేరడానికి పొడి రోడ్డు మీద 2 సెకన్లు పడుతుంటే, తడిలో కనీసం 4 ఉండాలి.

వెనక ఫాగ్ లైటు జర్మనీలో పొగమంచు కమ్మి 50 మీటర్లకు మించి కనబడనప్పుడు మాత్రమే వేయాలి, మామూలు వానలో వేస్తే ఆ వెలుగులో బ్రేకు లైటు కలిసిపోతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేయడమూ ప్రమాదమే, మీరు ఎటు తిరుగుతారో వెనకవాళ్లకు తెలియదు.

ద్విచక్ర వాహనదారులు హెల్మెట్ పట్టీ తప్పక బిగించాలి. బిగించాక వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగి చూడండి. ఊడివస్తే అది చలానా తప్పించే టోపీయే, వెంటనే మార్చండి.

వైపర్ గీతలు వదిలితే రబ్బరు మార్చాలి. బ్రేకు ద్రవం తేమ పీల్చుకుంటుంది కాబట్టి కంపెనీ చెప్పిన గడువుకే మార్పించాలి. నీటిగుంట దాటాక నెమ్మదిగా పోతూ, వెనక బండి దగ్గర్లో లేదని చూసుకుని, రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి ఆరబెట్టండి.