ఏ మాట ఎక్కడ చెప్పాలి: తలో ఊరి నుంచి పనిచేసే టీమ్‌కి

నేను విజయవాడ నుంచి, మిగతావాళ్ళు హైదరాబాద్, డాలస్ నుంచి పనిచేస్తాం. ఏ యాప్ మంచిదని నేను ముందు ఆలోచించను. జవాబు ఎంతసేపట్లో కావాలి, ఆ మాటని తర్వాత ఎవరైనా వెతుక్కుంటారా అని చూస్తాను.

సర్వర్ ఆగిపోతే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి నీలం టిక్కుల కోసం ఎదురుచూడొద్దు.

రోజువారీ ప్రశ్నలకి స్లాక్ లాంటి చాట్ చాలు. కానీ "హాయ్ అండీ, ఉన్నారా?" అని రాసి ఆగకండి. డాలస్‌లో వాళ్ళు లేచేసరికి మనకి సాయంత్రమవుతుంది, ఒక రోజు పోయినట్టే. ప్రశ్న, స్క్రీన్‌షాట్, ఎప్పటికి కావాలో ఒకే మెసేజ్‌లో పెట్టండి.

నిర్ణయాలని మాత్రం చాట్‌లో వదిలేయొద్దు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనబడవు. ఏం అనుకున్నాం, ఎందుకు, ఏ తేదీన అన్నది అందరికీ తెరిచి ఉన్న గూగుల్ డాక్‌లో రాయండి. కొత్తగా చేరినవాళ్ళు మొహమాటపడి ఎవరినీ అడగలేరు, వాళ్ళకి అదే దిక్కు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

చాట్‌లో మాటామాటా పెరుగుతుంటే వెంటనే వీడియో కాల్ పెట్టండి. మన రాత్రి 7.30కి డాలస్‌లో వేసవిలో ఉదయం 9, చలికాలంలో 8. జూమ్ ఉచితంగా ఇచ్చే 40 నిమిషాలు సరిపోతాయి.

వాట్సాప్ గ్రూప్‌ని పుట్టినరోజులకీ పండగ ఫొటోలకీ ఉంచండి. క్లయింట్ పాస్‌వర్డ్‌లు అక్కడ అస్సలు పెట్టకండి.