మాటల్లేని సినిమాని పెద్దవాళ్ళతో కలిసి ఎలా చూడాలి

మీ అమ్మానాన్నలతోనో, పక్క ఫ్లాట్‌లో ఒక్కరే ఉండే మామ్మగారితోనో కలిసి పన్నెండు నిమిషాల సినిమా ఒకటి చూడమని, చూశాక ఓ గంట వాళ్ళ పక్కనే కూర్చోమని అడగడానికి ఇది రాస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. హైదరాబాద్‌లో పద్మారావునగర్, వారాసిగూడ, సీతాఫల్‌మండి వైపు ఇళ్ళకి వెళ్ళి మోకాళ్ళకి, నడుముకి, పక్షవాతం వచ్చిన చేతులకి వ్యాయామం చేయిస్తుంటాను. నేను వెళ్ళే ఇళ్ళలో చాలామంది పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. వ్యాయామం అయిపోయాక "ఇంకాసేపు కూర్చోమ్మా" అంటారు. మాట్లాడాలని ఉంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. షుగర్, బీపీ, పనిమనిషి రాకపోవడం, అక్కడితో మాటలు అయిపోతాయి. ఈ సినిమా చూపించిన ఇళ్ళలో మాత్రం నేను లేవబోతుంటే కూడా కబుర్లు సాగుతూనే ఉన్నాయి.

సినిమా పేరు 'లా మేజోన్ ఆన్ పెటీ క్యూబ్'. జపనీస్‌లో 'త్సుమికి నో ఇయె'. 2008లో కునియో కాటో అనే జపాన్ దర్శకుడు తీశాడు. 2009 ఫిబ్రవరిలో, 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కి రెహమాన్ రెండు ఆస్కార్లు అందుకున్న రాత్రే, దీనికి ఉత్తమ యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ ఆస్కార్ వచ్చింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పండి. "బొమ్మల సినిమా నాకెందుకమ్మా, చిన్నపిల్లలకి చూపించు" అనేవాళ్ళు రెహమాన్ పేరు వినగానే కళ్ళజోడు తెచ్చుకుంటారు.

కథ చిన్నది. ఊళ్ళోకి నీళ్ళు వచ్చేశాయి, ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి. ఒక ముసలాయన నీళ్ళు గదిలోకి వచ్చినప్పుడల్లా ఇటుకలు పేర్చి పైన ఇంకో గది కట్టుకుని అందులోకి మారిపోతుంటాడు. భార్య పోయింది. ఒకరోజు ఆయనకి ఇష్టమైన పొగాకు పైపు జారి కింది అంతస్తులోకి మునిగిపోతుంది. నీళ్ళ అడుగున ఈదేవాళ్ళు వేసుకునే డ్రెస్సు తొడుక్కుని నీళ్ళలోకి దిగుతాడు. ఒక్కో అంతస్తు దిగేకొద్దీ ఒక్కో వయసు కనిపిస్తుంది. భార్య మంచాన పడ్డ రోజులు, కూతురి కుటుంబం, కూతురి చిన్నతనం, అట్టడుగున నేల మీద తామిద్దరూ కుర్రవాళ్ళుగా ఉన్న రోజులు. ఒక్క మాట ఉండదు, సంగీతం ఒక్కటే.

ఇంతకన్నా కథ మీరు చెప్పకండి. సినిమా నడుస్తున్నప్పుడు కూడా "ఇది వాళ్ళావిడ, ఇది కూతురు" అని వివరించొద్దు. వాళ్ళకే తెలిసిపోతుంది. మనవరాలి యూట్యూబ్ వీడియోల దగ్గర అయోమయపడే పెద్దవాళ్ళు ఇందులో ఒక్క సీను కూడా తప్పిపోకపోవడం నేను చూశాను. దానికి కారణం ఉంది. వయసుతో వచ్చే చెవుడులో ముందు తగ్గేది సన్నటి, పదునైన శబ్దాలు వినడం. స, ష, త, ఫ లాంటి హల్లులు సరిగ్గా వినపడవు. గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. అందుకే టీవీ సీరియల్ వాల్యూమ్ అంత పెంచుతారు. పదిమందిలో కూర్చుంటే ఎవరు ఏమన్నారో తెలీక నవ్వేసి ఊరుకుంటారు, తర్వాత పదిమందిలోకి వెళ్ళడమే మానేస్తారు. మాటల్లేని సినిమా దగ్గర ఆ ఇబ్బంది లేదు. చెవి బాగున్నవాళ్ళతో సమానంగా చూడగలిగేది వాళ్ళకి అరుదుగా దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఇదే సినిమాకి జపనీస్‌లో ఒక అమ్మాయి గొంతు కథ చెప్పే వెర్షన్ కూడా ఉంది. అది వద్దు. పెట్టే ముందు మీరొక్కరే ఒకసారి పూర్తిగా చూసి, మాటల్లేనిదే అని ఖాయం చేసుకోండి.

ఫోన్‌లో చూపించొద్దు. బొమ్మంతా పెన్సిల్ గీతలతో, పాత కాగితం రంగులో ఉంటుంది. గోడ మీద ఫోటోలు, టేబుల్ మీద గ్లాసులు చిన్నచిన్నగా ఉంటాయి. శుక్లాలున్న కంటికి అవి టీవీ మీదైతేనే అందుతాయి. బాల్కనీ తలుపు వెలుతురు స్క్రీన్ మీద పడకుండా కర్టెన్ వేయండి, గది మాత్రం మరీ చీకటి చేయకండి. మధ్యలో బాత్రూమ్‌కి లేస్తే తడుముకుంటూ పడిపోతారు, అది నా వృత్తిలో నేను ఎక్కువగా భయపడే సంగతి. సోఫా కన్నా చేతులున్న కుర్చీ మేలు. కుక్కర్ ఆపేయండి. ఫ్యాన్ రెండులో పెట్టండి. వినికిడి మిషన్ ఉంటే పెట్టుకోమనండి, పియానో బాగుంటుంది.

వేళ పొద్దున పదకొండు. టిఫిన్, మందులు అయిపోయి ఉంటాయి, భోజనానికి టైముంటుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి సాయంత్రం చీకటిపడే వేళ కంగారు, చికాకు పెరుగుతాయి కాబట్టి వాళ్ళకి సాయంత్రం అసలు వద్దు. పిల్లలు అమెరికాలో ఉంటే ఆదివారం పొద్దున పెట్టుకోండి, వాళ్ళకి శనివారం రాత్రి అవుతుంది. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే సంగీతం తెగిపోతుంది. ఎవరి ఇంట్లో వాళ్ళు ఒకే టైముకి చూసి, అయ్యాక కాల్ కలపండి.

సినిమా అయిపోయింది. ఇక్కడే అందరూ తొందరపడతారు. "ఎలా ఉంది నాన్నా?" అని అడిగితే "బాగుంది" అంటారు, అంతే, తలుపు మూసుకున్నట్టే. ఏమీ అడగకుండా లేచి టీ పెట్టండి. టీ తెచ్చేసరికి ఏదో ఒకటి వాళ్ళే అంటారు. మొదటి మాట సినిమా గురించి ఉండకపోవచ్చు. వారాసిగూడలో ఒక పెద్దాయన చాలాసేపు గోడ వైపు చూసి, "మా ఇల్లు గూడ గిట్లనే లేసింది బిడ్డా. ముందుగాల రెండు రేకుల అర్రలు. పెద్దోడు పుట్టినంక స్లాబు. వాని పెండ్లికి పైన పోర్షన్. సిన్నోని కోసం పెంట్‌హౌజ్. ఇప్పుడు పైన అందరు కిరాయిదార్లే" అన్నాడు.

హైదరాబాద్‌లో ఈ సినిమా ఇంత లోతుగా తగలడానికి కారణం ఆయన మాటల్లోనే ఉంది. పాత కాలనీల్లో ఇల్లు ఒక్కసారిగా కట్టినవాళ్ళు తక్కువ. జీతం పెరిగినప్పుడల్లా, పిల్లల పెళ్ళి కుదిరినప్పుడల్లా మీదికి లేపుకుంటూ పోయారు. కథలో ముసలాయన నీళ్ళ వల్ల పైకి మారుతూ పోతే, మనవాళ్ళు మోకాళ్ళ వల్ల కిందికి మారుతూ వస్తారు. పై గదిలో పెళ్ళి ఫోటోలు, అటక మీద ఇత్తడి సామాను, కొడుకు కాలేజీ పుస్తకాలు ఉండిపోతాయి. వాళ్ళు మెట్లెక్కి చూసి ఏళ్ళయి ఉంటుంది. ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి అదే స్థలంలో ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్ళకైతే ఆ గదులే లేవు.

అందుకే నా ప్రశ్నలన్నీ ఇంటి గురించే ఉంటాయి. "గుర్తుందా?" అన్న ప్రశ్న మాత్రం నోట్లోంచి రానివ్వొద్దు. అది పరీక్ష. గుర్తులేకపోతే ముఖం ముడుచుకుపోతుంది, ఆ రోజుకి ఇంకేమీ చెప్పరు. బదులు ఇలా అడగండి: బావి ఏ వైపు ఉండేది? వంటింట్లో పొయ్యి ఎక్కడ? రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకునేవాళ్ళు? ఈ గది కట్టేటప్పుడు ఇటుకలు ఎవరు మోశారు? ఏ గదిలో పిల్లలు నడక నేర్చుకున్నారు? ఒక ప్రశ్న వేసి, నోరు మూసుకుని కూర్చోవాలి. జవాబు రావడానికి టైము పడుతుంది. మధ్యలో మనం అందించే మాట వాళ్ళ వాక్యాన్ని చెడగొడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది మనిషిని బట్టి మారుతుంది. జ్ఞాపకశక్తి బాగానే ఉన్నవాళ్ళని సినిమాలో లాగే పై అంతస్తు నుంచి, అంటే ఇప్పుడున్న గది నుంచి, వెనక్కి తీసుకెళ్ళొచ్చు. అల్జీమర్స్ మొదలైనవాళ్ళతో ఇది తలకిందులు. వాళ్ళకి ముందు పోయేది నిన్నామొన్నటి సంగతి. పొద్దున ఏం తిన్నారో చెప్పలేని మనిషి బడికి వెళ్ళిన దారి మలుపు మలుపునా చెబుతారు. సినిమాలో నీళ్ళు కిందినుంచి ముంచుకొస్తాయి, ఈ జబ్బులో పై అంతస్తులు ముందు మునుగుతాయి. కాబట్టి వాళ్ళతో నేరుగా నేల మీదికి దిగండి, పుట్టినిల్లు, బడి, పెళ్ళి. జబ్బు లేనివాళ్ళకి కూడా సుమారు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధనల్లో మళ్ళీమళ్ళీ తేలింది. డెబ్భై అయిదేళ్ళ ఆయన్ని 1970ల హైదరాబాద్ గురించి అడిగి చూడండి.

చేతికి ఒక వస్తువు ఇస్తే ఇంకా మంచిది. ముసలాయనకి పైపు ఉన్నట్టు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. ఆల్విన్ గడియారం, ఎవరో దాచిన చార్మినార్ సిగరెట్ పెట్టె, నాంపల్లి నుమాయిష్‌లో కొన్న గాజు సామాను, తాళం పోయిన ట్రంకు పెట్టె. సీతాఫల్‌మండిలో రైల్వే గార్డుగా రిటైరైన ఒకాయన చేతికి వాళ్ళావిడ ఆయన పాత విజిల్ ఇచ్చారు. పక్షవాతం వచ్చిన ఆ కుడిచేతి వేళ్ళు నా వ్యాయామానికి అంతగా ముడుచుకోలేదు, విజిల్ చుట్టూ మాత్రం గట్టిగా ముడుచుకున్నాయి. అప్పటినుంచి ఆయన వ్యాయామం దాంతోనే చేయిస్తున్నాను.

పెద్దవాళ్ళు పాతవి తలుచుకోవడం చాదస్తమని అనుకోకండి. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ దీన్ని వేరేగా చూశాడు. బతికిన బతుకుని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం ఆ వయసుకి సహజమైన, అవసరమైన పని అని రాశాడు. చెప్పిందే చెబుతున్నారని విసుక్కునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. అదే కథ ఇంకోసారి వస్తే "అప్పుడు వాన పడుతోందా?" అని కొత్త వివరం ఒకటి అడగండి, కథ కొంచెం ముందుకి జరుగుతుంది.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. మూసీ పక్కన మలక్‌పేట, మూసారాంబాగ్ వైపు వాళ్ళకి, చెరువుల కింది కాలనీల వాళ్ళకి ఈ సినిమాలో నీళ్ళు కథలా ఉండవు. 2000 ఆగస్టు వానలు, 2020 అక్టోబర్ వానలు ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఉన్నారు. బాగా వయసు మళ్ళినవాళ్ళు 1908 మూసీ వరద గురించి వాళ్ళ నానమ్మలు చెప్పింది చెబుతారు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కి బతికిన వాళ్ళ కథతో సహా. మాట అటు పోతే పోనివ్వండి. ఇల్లు మునిగిన దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్నవాళ్ళకి మాత్రం ఈ సినిమా పెట్టొద్దు. ఈ మధ్యే భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్ళకి కూడా కనీసం ఏడాది ఆగండి. చివర్లో ముసలాయన రెండు గ్లాసుల్లో వైన్ పోస్తాడు, ఒకటి తనకి, ఒకటి లేని మనిషికి. దాన్ని తట్టుకోవడం అప్పుడే కష్టం.

కన్నీళ్ళు వస్తాయి. "ఏడవకండి" అనొద్దు. టీవీ కట్టేసి హడావిడి చేయొద్దు. మంచినీళ్ళిచ్చి, చెయ్యి పట్టుకోనిచ్చే మనిషైతే పట్టుకుని, ఊరికే కూర్చోండి. చాలామంది అయిదు నిమిషాల్లో తేరుకుని మిగతా కథ చెబుతారు. "పాపం ముసలాయన ఒంటరి" అని మీరు తీర్పు చెప్పకండి, ఎందుకంటే ఆయన చేపలు పట్టుకుంటాడు, ఇల్లు కట్టుకుంటాడు, టీవీ చూస్తాడు. ఎదుట కూర్చున్నవాళ్ళూ అలాగే రోజంతా ఏదో ఒకటి చేసుకుంటూనే ఉంటారు. ఆ తర్వాత రోజుల్లో తిండి, నిద్ర తగ్గిపోయి, ఎప్పుడూ దిగులుగానే ఉంటే అది సినిమా వల్ల వచ్చింది కాదు, ముందునుంచే ఉండి ఉంటుంది. డాక్టర్‌కి చూపించండి. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్‌లైన్ 14567, మానసిక సమస్యలకి టెలిమానస్ 14416, రెండూ ప్రభుత్వం నడిపే ఉచిత నంబర్లు.

వాళ్ళు చెప్పింది రాసిపెట్టుకోవాలంటే ముందు అడగండి. ఫోన్ ఎదురుగా పెట్టి రికార్డు చేస్తే చాలామంది గొంతు మార్చేసి ఇంటర్వ్యూ ఇచ్చినట్టు మాట్లాడతారు. నేను బయటికొచ్చి స్కూటీ మీద కూర్చుని నాలుగు ముక్కలు నోట్‌బుక్‌లో రాసుకుంటాను: బావి తూర్పున, పొయ్యి పక్కన పిల్లి, మేస్త్రీ వరంగల్ వాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ మేస్త్రీ దగ్గరే మొదలుపెడతాను.

నెల తర్వాత ఇంకోటి చూపించాలనుకుంటే, చదరంగం ఆడే తాతగారికి 'జెరీస్ గేమ్' పెట్టండి. 1997లో పిక్సార్ తీసింది, అయిదు నిమిషాలు కూడా ఉండదు, పార్కులో ఒక ముసలాయన తనతో తానే చదరంగం ఆడుకుంటాడు. పక్కన నిజం బోర్డు, పావులు సిద్ధంగా ఉంచండి, అవతలి కుర్చీలో మీరు కూర్చోండి.