సత్యవేడు వైపు శిలాజాలకు బయల్దేరే ముందు

ఈశాన్య రుతుపవనాలు తగ్గి, సంక్రాంతి దాటాక మన క్లబ్బు తిరుపతి చుట్టుపక్కల శిలాజాలు వెతకడానికి మంచి రోజులు. వానలకు పైమట్టి కొట్టుకుపోయి కొత్త పొరలు బయటపడి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఎంత సరదాగా ఉన్నా ఆగాల్సిందే. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో ఇక్కడ అందరికీ గుర్తే. చిన్న వంకలు అంతకంటే మోసం చేస్తాయి. మీరున్న చోట చినుకు లేకపోయినా పైన కొండల్లో కురిసిన వాన చూస్తుండగానే మీదికొస్తుంది.

ముందు చోటు సంగతి తేల్చుకోవాలి. తిరుమల కొండల్లో ఎముకలో ఆకులో దొరుకుతాయని సుత్తి పట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు. దొరకవు. కొండ పైభాగాన ఉన్న నగరి క్వార్ట్‌జైట్ వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. అప్పటికి భూమ్మీద చెట్టూ లేదు, జంతువూ లేదు. దాని మీద కనిపించే అలల గుర్తులు నీళ్లు గీసినవే. ఘాట్ రోడ్డులో కింది పాత గ్రానైటూ పైనున్న క్వార్ట్‌జైటూ కలిసే గీత జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఆ రెండింటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. దాన్నీ, శిలాతోరణాన్నీ కళ్లతో చూసి రావాలి తప్ప సుత్తి తగిలించకూడదు. పైగా శేషాచలంలో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, అక్కడి నుంచి ఏదీ తేకూడదు. ఎర్రచందనం దొంగల కోసం కాపు కాసేవాళ్లకు సంచులు, సుత్తులు మోసే గుంపు ఎదురైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

శిలాజాలున్నది తూర్పున, పుత్తూరు, నాగలాపురం దాటి సత్యవేడు వైపు. అక్కడి షేల్ (పలకలుగా విచ్చుకునే మట్టిరాయి), ఇసుకరాయి పొరలు ఎగువ గోండ్వానా అనే రాతి వరసకు చెందినవి, డైనోసార్లు బతికిన క్రిటేషియస్ కాలం తొలి దశవి. వాటిలో ముఖ్యంగా ఆకుల అచ్చులు దొరుకుతాయి. టిలోఫిల్లమ్ ఆకు ఈ పొరలకు పేరుబడ్డది, చూడ్డానికి శేషాచలంలో ఇప్పటికీ పెరిగే పేరీత ఆకులా ఉంటుంది. నేల చదునుగా ఉండటంతో పొరలు పైకి కనిపించేది తక్కువ. బావి తవ్వినప్పుడు బయటపోసిన మట్టికుప్పలు, రోడ్డు కోసం కోసిన గట్లు, వంకల ఒడ్లు, ఇవే మన చోట్లు. ప్రమాదాలూ అక్కడే.

కుప్ప ఎవరి కయ్యలో ఉంటే వాళ్లను అడగకుండా చెయ్యి పెట్టొద్దు. ఈ వైపు పల్లెల్లో సుత్తీ ఉలీ పట్టుకుని తిరిగే కొత్తవాళ్లంటే ముందు గుప్తనిధుల ముఠా అనుకుంటారు. కాబట్టి ఊళ్లోకి పగటిపూటే వెళ్లాలి. గునపం, పార అసలు తేవొద్దు. "అన్నా, మీ బావి మట్టిలో పాతకాలం ఆకుల అచ్చులు చూసుకుంటాం, ఏమీ తవ్వం" అని చెప్పి, ఫోన్లో ఒక ఆకు ఫొటో చూపిస్తే సగం అనుమానం తీరుతుంది. పోయేటప్పుడు చెదిరిన మట్టి సర్ది, గెనిమ (పొలం గట్టు) తెగకుండా చూడండి. ఒక్కసారి పైరు తొక్కితే ఆ ఊరికి క్లబ్బును మళ్లీ రానివ్వరు. చెక్కిన రాతి పనిముట్లు కనబడితే ఫొటో తీసి అక్కడే వదిలేయండి, అవి పురావస్తు శాఖ సంగతి.

బావి లోపలికి ఎవరూ దిగకూడదు, ఎండిపోయిందైనా సరే. అడుగున ఆక్సిజన్ లేకపోతే మనిషి కేకైనా వేయలేడు, కాపాడ్డానికి దిగినవాడూ పోతాడు. చాలా బావులకు పిట్టగోడ ఉండదు. అంచున గడ్డి కమ్మి ఉంటే అంచెక్కడో తెలియదు. ఒడ్లు, గట్ల దగ్గర ఇంకో చిక్కుంది. షేల్‌లోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. అందుకే వాన పడుతున్నప్పుడే కాదు, తెరిపిచ్చిన రెండు మూడు రోజులకు కూడా గట్టు కూలుతుంది. పైన గట్టుకు సమాంతరంగా బీట కనిపిస్తే కిందికి పోవద్దు. గట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం జరిగి, రాలిపడ్డ ముక్కల్నే ఏరుకోవాలి. అడుగు తొలిచి ఆకు లాగడం పూర్తిగా నిషేధం. ఒకరు వెతుకుతుంటే ఇంకొకరు పైకి చూస్తూ ఉండాలి.

షేల్‌కు బలం అక్కర్లేదు. 600 గ్రాముల సుత్తి, అంగుళం వెడల్పున్న పలుచని ఉలి చాలు. పలకను నిలబెట్టి, పొర గీత వెంబడి నాలుగైదు చోట్ల మెల్లగా తడితే విచ్చుకుంటుంది. ఒకేచోట గట్టిగా కొడితే ఆకు మధ్యకు విరుగుతుంది. సుత్తిని సుత్తితో కొట్టొద్దు, గట్టిపరచిన ఉక్కు పెళుసుగా చిట్లి ముక్క కంట్లోకి పోతుంది. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఇంటి దగ్గరే అరగదీయించండి. కొట్టేవాళ్లకే కాదు, పక్కనున్నవాళ్లకూ కళ్లద్దాలు ఉండాలి. నల్లగా కొమ్మలు కొమ్మలుగా పాకిన గీతలు చూసి మొక్కని మోసపోవద్దు, అది మాంగనీసు. ఆకైతే మధ్య ఈనె, దానికి రెండు వైపులా వరసగా రెక్కలు కనిపిస్తాయి.

కుప్పల్లో పాములు, తేళ్లు ఉంటాయి. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. రాయిని అవతలి అంచు పట్టి మీ వైపుకు లేపండి, కింద ఏదున్నా అవతలికే పోతుంది. పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, 108కి ఫోన్ చేసి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును పట్టుకోవాల్సిన పని లేదు, మన దగ్గర వాడే మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. కట్లపాము కాటు నొప్పి కూడా ఉండకపోవచ్చు, రెప్పలు వాలుతుంటే ఆలస్యం చేయొద్దు.

నీళ్లు మనిషికి 4 లీటర్లు, లీటరుకొకటి కలిపే ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. పదకొండుకల్లా పని ఆపి ఏ కానగ చెట్టు కిందికో చేరిపోవాలి. ఎండలో ఎవరైనా తికమకగా మాట్లాడితే అది అలసట అనుకోవద్దు, నీడకు చేర్చి తడిగుడ్డలు వేసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

దొరికిన పలకను పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి, వాలు వెలుతురులో ఫొటో తీసుకోండి. బిళ్ల 27 మిల్లీమీటర్లు కాబట్టి తర్వాత కొలత తెలుస్తుంది. విచ్చుకున్న రెండు సగాలూ ఉంచుకోవాలి, ఒకదాంట్లో లేని ఈనె రెండోదాంట్లో ఉంటుంది. ఊరు, బావి, జీపీఎస్ అంకెలు, తేదీ చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టి, కాగితంలో చుట్టండి. కడగొద్దు, షేల్ నీళ్లలో విడిపోతుంది. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో మెల్లగా ఆరాలి. ఫెవికాల్ పూస్తే తర్వాత ఊడదీయలేరు, ఊడితే ఆకు పైపొరా దానితోపాటే పోతుంది.

ఇంటికొచ్చాక బట్టలు అదేరోజు వేడినీళ్లలో ఉతకండి. గడ్డిలో, పొదల్లో కూర్చున్నవాళ్లకు కంటికి కనబడనంత చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, మన ప్రాంతంలో అది కొత్తేమీ కాదు. ప్యాంటు మేజోళ్లలోకి దోపుకోవడం, చాప పరచుకుని కూర్చోవడం అందుకే. వారం పది రోజుల తర్వాత జ్వరం, తలనొప్పి మొదలైతే చంకలు, గజ్జలు, నడుము దగ్గర నొప్పిలేని నల్ల పెచ్చు ఉందేమో చూసుకోండి. పెచ్చు లేకపోయినా డాక్టరుతో మొదటి మాటగానే ఫలానా రోజు పొలాల్లో తిరిగామని చెప్పండి.